గొర్రె ఒళ్ళు, మేత, రక్తంలో చక్కెర: హైదరాబాద్ పరిసర పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

మందలో ఏ గొర్రె బాగుందని అడిగితే ఎవరైనా వీపు నున్నగా, తొడలు నిండుగా ఉన్నదాన్నే చూపిస్తారు. సంతలో అమ్మకానికైతే ఆ లెక్క సరైనదే. చూడి గొర్రె దగ్గర మాత్రం అది తిరగబడుతుంది. ఈనడానికి రెండు మూడు వారాల ముందు మేత మానేసి, కళ్ళు కనబడనట్టు గోడకు తల ఆనించి నిలబడేది చాలాసార్లు ఆ బలిసిన గొర్రే. ఒంట్లో కిలోలకొద్దీ కొవ్వు ఉంటుంది, రక్తంలో చక్కెర మాత్రం అడుగంటిపోతుంది. వైద్యులు ప్రెగ్నెన్సీ టాక్సీమియా అనే చూడి జబ్బు ఇదే. కవలలను మోస్తున్న బక్క గొర్రెకూ ఇదే గతి పట్టవచ్చు, కానీ దాన్ని చూసి మనం ముందే జాగ్రత్త పడతాం. బలిసినదాని మీద ఎవరికీ అనుమానం రాదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, దాదాపు ఒక కోటి 91 లక్షలు. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చారు. తరతరాలుగా గొర్రెలు కాస్తున్న గొల్ల, కురుమ కుటుంబాలతోపాటు ఇప్పుడు చేవెళ్ళ, షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, కీసర వైపు షెడ్లు కట్టి కొత్తగా దిగినవాళ్ళు కూడా ఉన్నారు. మంద తోలేవారికి అనుభవం ఉంది, షెడ్డులో పెంచేవారి దగ్గర దాణా ఉంది. చక్కెర సంగతి తెలిస్తే ఇద్దరికీ పనికొస్తుంది.

1. ముందుగా: గొర్రె ఒంట్లో చక్కెర ఎక్కడ పుడుతుంది?

ఈ ఒక్క విషయం కుదురుగా అర్థం చేసుకుంటే మిగతా మెట్లు సులువు, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

మనం అన్నం తింటే అందులోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. గొర్రెకు అలా కాదు. గడ్డి అయినా, మొక్కజొన్న నూక అయినా, చివరికి బెల్లం ముక్క అయినా ముందు పెద్దపొట్టలో పడాల్సిందే. అక్కడి సూక్ష్మజీవులు ఇడ్లీ పిండి పులిసినట్టు దాన్ని పులియబెట్టి ప్రధానంగా మూడు ఆమ్లాలు తయారు చేస్తాయి: ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్. పేగుదాకా మిగిలి గ్లూకోజుగా రక్తంలో చేరేది బహు స్వల్పం.

ఎసిటేట్ శక్తికి, ఒంట్లో కొవ్వుకు, పాలలో వెన్నకు పనికొస్తుంది. మనుషుల కాలేయం చక్కెరతో కొవ్వు తయారు చేసుకోగలదు. గొర్రె మాత్రం చక్కెరను పొదుపుగా దాచుకుని ఎసిటేట్‌తోనే కొవ్వు కట్టుకుంటుంది. ప్రొపియోనేట్ కాలేయానికి వెళ్ళి గ్లూకోజుగా మారుతుంది. గొర్రె రక్తంలో తిరిగే చక్కెరకు పెద్ద ముడిసరుకు ఇదే. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు, లాక్టేట్, కొవ్వు కరిగినప్పుడు విడుదలయ్యే గ్లిజరాల్ మిగతా కొరత తీరుస్తాయి. పీచు ఎక్కువైన మేతతో ఎసిటేట్ వాటా పెరుగుతుంది, గింజలతో ప్రొపియోనేట్ వాటా పెరుగుతుంది. దాణా పెడితే చక్కెర పెరగడానికి కారణం ఇదే. దాణాలోని పిండి రక్తంలోకి నేరుగా పోవడం వల్ల కాదు.

దీంతో మన అలవాటు ఆలోచనలు రెండు తలకిందులవుతాయి. మనిషి కాలేయం ఉపవాసంలో చక్కెర తయారీ పెంచుతుంది, తిన్నాక తగ్గిస్తుంది. గొర్రె కాలేయం తిన్నప్పుడే ఎక్కువ తయారు చేస్తుంది. మేత ఆగితే ముడిసరుకు ఆగుతుంది, తయారీ పడిపోతుంది. కాబట్టి చూడి గొర్రెను ఒక పూట పస్తు పెట్టడం మనం ఒక పూట ఉపవాసం ఉండటం లాంటిది కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. కొవ్వు చక్కెరగా మారదు. కొవ్వు కణం కరిగినప్పుడు వచ్చే గ్లిజరాల్ అనే చిన్న భాగం మాత్రమే గ్లూకోజు కాగలదు. మిగతా పెద్ద భాగం, అంటే కొవ్వు ఆమ్లాలు, కాలేయానికి చేరి అక్కడ కాలాలి. అవి సక్రమంగా కాలడానికి కూడా చక్కెర తయారీలో వాడే పదార్థాలే కావాలి. అవి లేకపోతే కొవ్వు ఆమ్లాలు సగం కాలి, కీటోన్లు అనే పదార్థాలుగా మారి రక్తంలో పేరుకుంటాయి, కొంత కొవ్వు కాలేయంలోనే దిగబడి దాని పనిని కుంటుపరుస్తుంది. చక్కెర తయారు చేయాల్సిన కాలేయమే మూలనపడుతుంది.

2. వీపు తడమండి, కంటిని నమ్మకండి

దక్కనీ గొర్రెకు ఉన్ని ఉంటుంది, దాని కింద ఎముకలు తేలినా కనబడవు. నెల్లూరు జాతి పొడుగు కాళ్ళు, సన్నని వెంట్రుక, అది బాగా ఉన్నా బక్కగానే అనిపిస్తుంది. రెండింటినీ ఒకే కొలతతో తూచడానికి ఉన్న మార్గం చెయ్యి.

గొర్రెను నేల చదునుగా ఉన్నచోట నిలబెట్టండి, బిగదీసి పట్టుకోకండి. చివరి పక్కటెముక వెనక, తుంటి ఎముకకు ముందు ఉండే నడుము భాగం మీద బొటనవేలు వెన్నుపూస మీద, మిగతా వేళ్ళు పక్కకు పొడుచుకొచ్చే అడ్డ ఎముకల చివర్ల మీద ఆనించండి. ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేస్తారు, మధ్యలో అరలు కూడా ఉంటాయి.

వెన్నుపూసలు రంపపు పళ్ళలా గుచ్చుకుని, అడ్డ ఎముకల కిందికి వేళ్ళు సులువుగా దూరితే అది ఒకటి. ఎముకలు తెలుస్తూనే మొన తగ్గి, కాస్త ఒత్తితే వేళ్ళు కిందికి వెళ్తే రెండు. వెన్నుపూసలు గుండ్రంగా, ఒత్తితేనే విడివిడిగా తెలుస్తూ, రెండు వైపులా కండ నిండుగా ఉంటే మూడు. గట్టిగా ఒత్తినా వెన్ను ఒక గీతలా మాత్రమే తెలిసి, అడ్డ ఎముకల చివర్లు దొరకకపోతే నాలుగు. వెన్ను ఉండాల్సిన చోట ఎముక తగలకుండా చిన్న గాడి పడి, తోక మొదట్లో కూడా కొవ్వు చేతికి మెత్తగా తగిలితే ఐదు. పది గొర్రెలను వరసగా తడిమితే చేతికి తేడా పట్టుబడుతుంది. ఒకే మనిషి ఎప్పుడూ తడిమితే మంచిది, చెయ్యి మారితే మార్కు మారుతుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. వేడి ప్రాంతాల వెంట్రుక జాతులు చర్మం కింద కంటే కడుపు లోపల, పేగుల చుట్టూ, మూత్రపిండాల చుట్టూ ఎక్కువ కొవ్వు దాస్తాయి. నెల్లూరు గొర్రె వీపు మీద మూడు అనిపించినా లోపల ఇంకా ఎక్కువ ఉండవచ్చు. కోసినప్పుడు మూత్రపిండం చుట్టూ ఉన్న తెల్లటి కొవ్వు గడ్డను చూసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. అందుకే ఈ జాతిలో మూడున్నర అనిపిస్తే నేను నాలుగు కిందే లెక్కేస్తాను.

పొట్టేలును కలిపే ముందు, చూడి మూడు నెలలు నిండినప్పుడు, ఈనినప్పుడు, పిల్లలను పాలు మాన్పించినప్పుడు తడిమి రాసుకోండి. కలిపేటప్పుడు రెండున్నర నుంచి మూడు, ఈనేటప్పుడు మూడుకు కాస్త అటూఇటూ ఉంటే చాలు. ఒక మార్కు పెరగాలంటే మంచి మేతతో కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈనే ముందు వారం కంగారుపడి కుమ్మరిస్తే ఒళ్ళు రాదు, అజీర్తి వస్తుంది.

3. కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట చెల్లదు

రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపే హార్మోను ఇన్సులిన్. నెమరువేసే జంతువుల కండరాలు దానికి మనుషులంత చురుగ్గా స్పందించవు. సహజంగానే తక్కువ. దానికి కొవ్వు తోడైతే స్పందన ఇంకా మొద్దుబారుతుంది. అప్పుడు క్లోమం ఎక్కువ ఇన్సులిన్ వదిలి నెట్టుకొస్తుంది. అందువల్ల బలిసిన గొర్రెలో రక్త చక్కెర మామూలుగానో, కొద్దిగా ఎక్కువగానో కనిపిస్తుంది. లోపల ఇన్సులిన్ మాత్రం బాగా పెరిగి ఉంటుంది. ఒక్క చుక్క రక్తం తీసి గ్లూకోమీటరులో చూసి 'చక్కెర బాగానే ఉంది, గొర్రె బాగానే ఉంది' అనుకోవడం ఇందుకే పనికిరాదు. శాస్త్రవేత్తలు ఈ తేడా పట్టుకోవడానికి గ్లూకోజును నరంలోకి ఎక్కించి, అది ఎంతసేపట్లో దిగుతుందో, ఇన్సులిన్ ఎంత లేచిందో చూస్తారు. మనుషుల్లా నోటితో తాగించి చూడటం పెద్ద గొర్రెలో కుదరదు. తాగించిందంతా పెద్దపొట్టలో పులిసిపోతుంది.

చూడి చివరి వారాల్లో ఇంకొక ఏర్పాటు పనిచేస్తుంది. తల్లి కండరాలు, కొవ్వు ఇన్సులిన్ మాట ఇంకా తక్కువగా వింటాయి. అలా మిగిలిన చక్కెర మావి గుండా కడుపులోని పిల్లకు పోతుంది. పిల్లకు మేలు చేసే ఏర్పాటే, కానీ ముందే కొవ్వుతో మొద్దుబారిన గొర్రెకు ఇది రెండో దెబ్బ. ఇన్సులిన్ మామూలుగా చేసే పనుల్లో కొవ్వు కరగకుండా అదుపు చేయడం ఒకటి. ఆ అదుపు సడలి ఉన్న సమయంలో మేత తగ్గితే కొవ్వు వరదలా కరిగి కాలేయం మీద పడుతుంది. పైగా కడుపులో కొవ్వు, కవల పిల్లలు కలిసి పెద్దపొట్టకు చోటు లేకుండా చేస్తాయి. అవసరం పెరిగే కొద్దీ తినగలిగేది తగ్గుతుంది. గొర్రెకు వచ్చే చిక్కంతా ఈ ముడిలోనే ఉంది.

మితిమీరి మేపిన తల్లులకు పుట్టిన పిల్లలు పెద్దయ్యాక కొవ్వు పట్టడం, ఇన్సులిన్‌కు తక్కువ స్పందించడం కూడా ప్రయోగాల్లో తేలింది. మానవ గర్భిణుల మధుమేహాన్ని అర్థం చేసుకోవడానికి పరిశోధకులు గొర్రెలను వాడేది ఈ పోలికల వల్లే.

4. మేతను చూడి నెలతో ముడిపెట్టండి

గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు. ఎప్పుడు కట్టిందో తెలియకపోతే ఈ మెట్టు గాలిలో మేడే. జాజును నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూస్తే, దాటిన గొర్రె తుంటి మీద ఎర్రటి మరక పడుతుంది. రోజూ సాయంత్రం మరక పడ్డవాటి చెవి నంబరు, తేదీ రాసుకోండి.

తొలకరికి గడ్డి పచ్చబడగానే ఎదకొచ్చిన గొర్రె కార్తీక, మార్గశిర మాసాల్లో ఈనుతుంది. దాని చివరి నెలన్నరకు మేత ఉంటుంది, అప్పుడు గండం ముసురే. రెండు రోజులు వాన పట్టి మందను దొడ్డి దాటించకపోతే అది పస్తే. ఇక మాఘ, ఫాల్గుణాల్లో కట్టినవాటి చివరి నెలలు ఎండాకాలం చివర్లో పడతాయి. బీడు భూముల్లో గడ్డి పుల్ల ఉండదు, మధ్యాహ్నం ఎండకు గొర్రె తల దించుకుని నీడకు చేరుతుంది తప్ప మేయదు. ఈ రెండో గుంపుకే దాణా ఎక్కువ అవసరం, మనవాళ్ళు తక్కువ పెట్టేదీ దీనికే.

30 నుంచి 35 కిలోల గొర్రెకు రోజుకు తేమ తీసేసిన లెక్కన సుమారు ఒక కిలో మేత కావాలి. పచ్చి గడ్డిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే కాబట్టి, అచ్చంగా పచ్చిమేతే అయితే నాలుగైదు కిలోలు. సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే కోసి వేసి ఊరుకుంటే పొట్ట నిండుతుంది, చక్కెరకు ముడిసరుకు నిండదు. అందులో హెడ్జ్ లూసర్న్, అవిశ, కొంత సుబాబుల్ ఆకు, ఎండుమేతగా కంది పొట్టు, శనగ పొట్టు, వేరుశనగ కట్టె కలపండి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు.

దాణా సొంతంగా కలుపుకునేవారికి ఒక లెక్క: నూరు కిలోలకు మొక్కజొన్న లేదా జొన్న నూక 40, తవుడు 35, వేరుశనగ చెక్క 22, గొర్రెల ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ఖనిజ మిశ్రమం గొర్రెలకు చెప్పినదే కొనండి. ఆవులకు, కోళ్ళకు చేసినదానిలో రాగి లోహం (కాపర్) ఎక్కువ. గొర్రె కాలేయం దాన్ని బయటకు పంపలేక దాచుకుని ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోతుంది. కోళ్ళ దాణా మిగిలిందని గొర్రెలకు పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మానేయాలి.

పొట్టేలును కలపడానికి రెండు మూడు వారాల ముందు, రెండు, రెండున్నర మార్కుల్లో ఉన్నవాటికి రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా మొదలుపెట్టి, కలిపాక ఇంకో రెండు వారాలు కొనసాగించండి. మూడున్నర దాటినవాటికి ఇది అనవసరం. మొదటి మూడు నెలలు ఒళ్ళు నిలబెడితే చాలు. బాగా బలిసినవాటిని మెల్లగా తగ్గించాలన్నా ఈ కాలంలోనే తగ్గించాలి, అదీ దాణా ఆపి, మేత మీద తిప్పి.

చివరి 45 రోజులు వేరే ప్రపంచం. పుట్టేటప్పటి పిల్ల బరువులో దాదాపు 70 శాతం ఈ రోజుల్లోనే పెరుగుతుంది. దాణా 100 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 250, 300 దాకా తీసుకెళ్ళండి. కవలలని తెలిస్తే 350 నుంచి 400, అదీ రెండు మూడు విడతలుగా. మన దక్కనీ, నెల్లూరు గొర్రెలు ఎక్కువగా ఒంటి పిల్లనే ఈనుతాయి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో సుందరవనాల గారోల్ గొర్రె జన్యువును దక్కనీలోకి తెచ్చి రూపొందించిన నారి సువర్ణలో కవలలు ఎక్కువ. ఆ రకం తెచ్చుకున్నవాళ్ళు పిల్లల సంఖ్య చూసి సంబరపడితే చాలదు, చివరి నెల దాణా ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. స్కానింగు దొరికేచోట 45 నుంచి 90 రోజుల మధ్య చేయిస్తే కవలలవి వేరు చేసి మేపవచ్చు.

ఈ 45 రోజుల్లో బలిసిన గొర్రెను సన్నబరచాలనే ఆలోచన పెట్టుకోవద్దు. నాలుగున్నర మార్కున్నా సరే, దాని నోరు ఆగకూడదు. బండి ఎక్కించి దూరం తీసుకెళ్ళడం, మందు తాగించడానికి రోజంతా దొడ్లో బంధించడం, ఉన్ని కత్తిరించడం, ఇవన్నీ చివరి నెల రాకముందే ముగించండి. నీళ్ళ తొట్టి ఎండలో కాగిపోతే గొర్రె నీళ్ళు తగ్గిస్తుంది, నీళ్ళు తగ్గితే మేత తగ్గుతుంది. తొట్టిని నీడకు మార్చండి, దాణా తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టండి.

ఈనాక పాలచక్కెర కోసం పొదుగు రక్తంలోని గ్లూకోజునే లాక్కుంటుంది కాబట్టి 300 నుంచి 400 గ్రాములు ఇంకో ఆరు వారాలు ఇవ్వాలి. పాలిచ్చే గొర్రె కొంత ఒళ్ళు తగ్గడం మామూలే.

5. రక్తం చుక్కతో పరీక్ష

హైదరాబాద్‌లో గ్లూకోమీటరు లేని వీధి ఉండదు. తాతగారి యంత్రం తెచ్చి గొర్రె చెవి గుచ్చి, 58 అని చూసి హడలిపోయేవారు కొందరు. పెద్ద గొర్రెకు డెసిలీటరుకు 50 నుంచి 80 మిల్లీగ్రాములు మామూలు. మన అంకెలు దానికి అంటగట్టకూడదు. పాలు తాగే పిల్లలో మాత్రం ఎక్కువ ఉంటుంది, వందకు అటూఇటూ. పాలు తాగేటప్పుడు అన్నవాహిక చివర ఒక గాడి మూసుకుని పాలను పెద్దపొట్ట తప్పించి నేరుగా చివరి పొట్టకు పంపుతుంది. పాలచక్కెర పులియకుండానే పేగుకు చేరుతుంది. ఆ వయసులో గొర్రెపిల్ల చక్కెర విషయంలో మన పిల్లల లాంటిదే.

మనుషుల గ్లూకోమీటరు మానవ రక్తకణాల లెక్కతో తయారైంది. గొర్రె ఎర్రకణాల్లో గ్లూకోజు దాదాపు ఉండదు, అంతా ద్రవంలోనే ఉంటుంది. అందువల్ల అంకె కచ్చితంగా రాదు. ఒకే యంత్రంతో, ఒకే వేళకు, మందలో ఆరోగ్యంగా ఉన్నదానితో పోల్చి చూడటానికే దాన్ని వాడండి. పొద్దున దాణాకు ముందు తీయండి. ముఖ్యంగా గొర్రెను తరిమి పట్టుకోకండి. బెదిరిన గొర్రెలో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు లేచి చక్కెర వంద దాటిపోతుంది, ఆ అంకెకు అర్థం ఉండదు. ముందురోజు రాత్రే చిన్న దడిలోకి తోలి, పొద్దున నెమ్మదిగా పట్టుకోవాలి. ప్రయోగశాలకు పంపేటట్టయితే బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో తీయించండి. రక్తకణాలు చక్కెరను తినేయకుండా అందులోని ఫ్లోరైడ్ ఆపుతుంది.

నన్నడిగితే చూడి గొర్రెలకు చక్కెర కంటే కీటోన్ పరీక్ష ఎక్కువ పనికొస్తుంది. బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ అనే కీటోన్‌ను చూపే చిన్న యంత్రాలు దొరుకుతాయి. లీటరుకు 0.8 మిల్లీమోల్స్ లోపు ఉంటే మేత సరిపోతున్నట్టు. 0.8 నుంచి 1.6 వరకు శక్తి కొరత మొదలైనట్టు, దాణా సరిచేయాలి. 1.6 దాటితే ఆ రోజే కదలాలి. మూడు దాటిందంటే జబ్బు ముదిరినట్టే. చివరి నెలలో ఉన్నవాటిలో బలిసినవి రెండు, బక్కవి రెండు, మామూలువి రెండు ఎంచి పరీక్షిస్తే మందంతటి సంగతి అందుతుంది.

యంత్రం లేకపోతే మూత్రం పట్టీలు చాలు. మూత్రం పట్టడానికి ఒక కిటుకుంది. పడుకుని నెమరువేస్తున్న గొర్రెను నెమ్మదిగా లేపండి. లేచి ఒళ్ళు విరుచుకుని, నడుము కాస్త వంచి, కాసేపట్లోనే మూత్రం పోస్తుంది. పొడుగు కర్రకు చిన్న గిన్నె కట్టి వెనకనుంచి అందించండి. పట్టీ లేత గులాబీ రంగు దాటి ఊదా రంగుకు తిరిగితే కీటోన్లు ఉన్నట్టు.

6. చూడి గొర్రె మేత మానేస్తే

మొదటి గుర్తు చాలా చిన్నది. దాణా పోయగానే అన్నీ తోసుకుంటూ వస్తాయి, ఒకటి మాత్రం వెనక నిలబడిపోతుంది. ఆ తరువాత మందకు దూరంగా ఉండటం, పళ్ళు కొరకడం, ఎదురుగా చెయ్యి ఊపినా రెప్ప కొట్టకపోవడం, మూతి దగ్గర సన్నగా వణుకు, ఊపిరిలో ముగ్గిన పండ్ల లాంటి తీపి వాసన. కూలబడ్డాక బతికించడం కష్టం, కాబట్టి మొదటి గుర్తుకే కదలాలి.

బెల్లం నీళ్ళు తాగించడం మన ఊళ్ళలో పాత అలవాటు. హాని లేదు, కానీ దాని మీద ఆధారపడి రెండు రోజులు వృథా చేయవద్దు. బెల్లం పెద్దపొట్టలో పులిసిపోతుంది తప్ప చక్కెరగా రక్తానికి చేరదు. నోటితో తాగించే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం వేరు. దానిలో కొంత భాగం పులియకుండానే రక్తంలోకి వెళ్ళి కాలేయంలో గ్లూకోజు అవుతుంది, మిగతాది ప్రొపియోనేట్‌గా మారి అదే దారి పడుతుంది. విదేశాల్లో అరవై డెబ్బై కిలోల గొర్రెలకు 60 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. మన గొర్రె అందులో సగం బరువే, మోతాదు వైద్యుడు నిర్ణయించాలి. తాగించేటప్పుడు తల పైకెత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గడ్డం నేలకు సమాంతరంగా ఉంచి, నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయాలి.

వైద్యుడు నరానికి గ్లూకోజు ఎక్కిస్తారు, తరచు కాల్షియం కూడా ఇస్తారు. కాల్షియం లోపం కూడా ఈ రోజుల్లోనే వచ్చి ఇలాగే పడగొడుతుంది, రెండూ కలిసి రావడమూ ఉంది. చక్కెర 40 లోపు పడిపోయి ఉంటే జబ్బుకు అది ఆధారం. కానీ చక్కెర ఉన్నట్టుండి బాగా పెరిగి, గొర్రె మాత్రం మగతగానే ఉంటే సంతోషించకండి, కడుపులో పిల్ల చనిపోయి ఉండవచ్చు. ఈనే గడువు దగ్గరపడితే ఈనిపించాలా, కోసి తీయాలా అన్నది ఆ పూటే తేల్చుకోవాలి. పిల్లలు బయటపడితే తల్లి మీద చక్కెర భారం దిగిపోతుంది.

ఒక గొర్రె పడితే మిగతావి వరసలో ఉన్నాయని అర్థం. ఆ రోజే మందలో చివరి నెల గొర్రెలన్నిటినీ తడమండి, కీటోన్ చూడండి, దాణా సరిచేయండి.

7. పొట్టేళ్ళు: గింజల అతి

బక్రీదు ముందు జియాగూడ మండీలో కొన్న పొట్టేలును మేడ మీద కట్టేసి చపాతీలు, అన్నం, ఫంక్షన్ హాలులో మిగిలిన బిర్యానీ పెట్టడం నగరంలో చూస్తుంటాం. ప్రేమతో పెట్టేదే. అలవాటులేని పెద్దపొట్టలో ఒకేసారి అంత పిండి పడితే ప్రొపియోనేట్ బదులు లాక్టిక్ ఆమ్లం పొంగుతుంది. నెమరు ఆగుతుంది, పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపితే నీళ్ళు కదిలినట్టు ఉంటుంది, పుల్లటి వాసనతో పారుకుంటుంది. మార్కెట్లో పారేసే అరటి, మామిడి పండ్లు కుప్పగా పోసినా ఇదే జరుగుతుంది. దాణా 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి ఇంకో 50 పెంచుతూ 400 దాకా వెళ్ళండి, ఎండుమేత ఎప్పుడూ ముందుండాలి.

గింజల అతి మరో జబ్బుకు తలుపు తీస్తుంది, అదే చిటుక రోగం. పేగులోకి జారిన పిండి మీద క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. మందలో కండ పట్టి దిట్టంగా ఉన్న పిల్లే పొద్దున చచ్చిపడి ఉంటుంది. ఇందులో రక్త చక్కెర బాగా పెరిగి మూత్రంలోకి దిగుతుంది. చనిపోయిన వెంటనే శవపరీక్షలో మూత్రాశయం నుంచి తీసిన మూత్రంలో చక్కెర దొరికితే వైద్యుడికి అదొక గట్టి ఆనవాలు. వానాకాలానికి ముందే టీకా వేయించండి, మొదటిసారి వేసేవాటికి రెండు వారాలకు మరో మోతాదు.

అమ్మకపు పొట్టేలుకు కొవ్వు ఎంత కావాలన్నది డబ్బు లెక్క. ఒక కిలో కొవ్వు పెరగడానికి పట్టే దాణా, ఒక కిలో కండకు పట్టేదానికంటే చాలా ఎక్కువ. మూడున్నర దాటాక పెట్టే దాణా కసాయి కత్తికి తీసి పక్కన పడేసే కొవ్వులోకే పోతుంది. మందలో దాటడానికి ఉంచిన పొట్టేలైతే మూడు, మూడున్నర మధ్యే ఉంచండి. బలిస్తే ఎండకు రొప్పుతుంది, గొర్రె వెంట తిరగదు.

8. పుట్టిన పిల్ల

గొర్రెపిల్ల మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమ రంగు కొవ్వుతో, ఒంట్లో ఉన్న కొద్దిపాటి చక్కెర నిల్వతో పుడుతుంది. కొద్ది గంటల్లో అది అయిపోతుంది. తల్లిని చివరి నెలలో సరిగా మేపకపోతే ఆ కొద్ది నిల్వ కూడా ఉండదు, జున్నుపాలూ ఉండవు. రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, మొదటి రోజు మొత్తం మీద కిలోకు 200 మిల్లీలీటర్ల జున్నుపాలు పడాలి. రెండున్నర కిలోల పిల్లకు రోజుకు అర లీటరు.

మార్గశిరపు తెల్లవారుజామున తడిసి ముడుచుకున్న పిల్ల దొరికితే ముందు తుడిచి థర్మామీటరు పెట్టండి. 37 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువుండి, పుట్టి ఐదు గంటలు దాటి ఉంటే వెంటనే వేడి చేయకండి. వేడెక్కిన ఒళ్ళు మిగిలిన చక్కెరను ఒక్కసారిగా వాడేసి మూర్ఛ తెప్పిస్తుంది. ముందు గోరువెచ్చని 20 శాతం గ్లూకోజును కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున సూదితో కడుపు కుహరంలోకి (పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి) ఎక్కించి, ఆ తరువాతే వెచ్చబెట్టాలి. ఇది వైద్యుడి పని, లేదా వైద్యుడి దగ్గర చేతితో చేసి నేర్చుకున్నవారి పని. తల నిలపలేని పిల్లకు నోట్లో పాలు పోయకూడదు.

మీ మండల పశువైద్యుడిని కానీ, 1962 ఫోను నంబరు సంచార పశువైద్యాన్ని కానీ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిని కానీ పిలిచేటప్పుడు నాలుగు మాటలు సిద్ధంగా ఉంచుకోండి: కట్టిన తేదీ, వీపు మార్కు, చివరిసారి దాణా ఎప్పుడు తిన్నది, ఈ వారంలో మేతలో ఏం మార్చారు. ఫోనులో ఈ నాలుగూ చెప్పగలిగితే వైద్యుడు ఏ మందు పెట్టెలో వేసుకుని బయలుదేరాలో అక్కడే తేల్చుకుంటారు.